పక్కన కూర్చోబెడితే సరిపోదు, పిల్లలకు ఒకరితో ఒకరికి పని పడాలి

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి టీచర్ని. మా బడికి రెండు వైపుల నుంచి పిల్లలొస్తారు. ఇళ్లలో మాట్లాడే భాష వేరు, ఆచారాలు వేరు, డబ్బు విషయంలోనూ తేడా ఉంది. ఒకే గదిలో చదువుతున్నా భోజనం దగ్గర, ఆటస్థలంలో రెండు గుంపులుగా విడిపోతారు. పోయిన నెల ఆటలో గొడవై ఒక బాబు ఇంకో బాబుని "మీ వాళ్లంతా ఇంతే, మురికివాళ్లు" అన్నాడు. ఆ మాట పడ్డ పిల్లవాడు రెండు రోజులు బడికి రాలేదు. ఆ తర్వాత ఇద్దరు తల్లులు వచ్చి తమ పిల్లల సీటు మార్చమన్నారు. హెడ్మాస్టర్ గారేమో బడిలో ఐక్యతా దినం చేయించమని నాకు చెప్పారు. పాటలు, వేషాలు, ప్రతిజ్ఞ ఉంటాయట. దానివల్ల ఏమైనా మారుతుందా? ఇంత చిన్నపిల్లల ముందు ఈ తేడాల గురించి మాట్లాడితే లేనిపోనివి నేర్పినట్టవుతుందని భయం. మాట్లాడకపోతే తప్పు చేస్తున్నానేమోనని టెన్షన్. ఏం చేయమంటారు? (పేరు వద్దన్న ఒక టీచర్)

సమాధానం:

టీచర్ గారూ, నమస్తే.

ముందు మీరు సూటిగా అడిగినదానికి సూటిగానే చెబుతాను. ఐక్యతా దినం వల్ల నష్టమేమీ లేదు. కానీ మీ తరగతిలో పడిన చీలిక దానితో పూడదు. ఆ రోజు పిల్లలు చేతులు పట్టుకుని పాట పాడతారు, ఫొటోలు దిగుతారు. మర్నాడు భోజనం గంట కొట్టగానే ఎవరి మూలకు వాళ్లు పోతారు. ఆ పాట పాడటానికి వాళ్లకు ఒకరితో ఒకరికి పని పడలేదు కదా. అవతలివాడు లేకపోతే తన పని సాగదన్న పరిస్థితి పిల్లలకు రోజూ కాసేపైనా రావాలి. అది మామూలు పాఠాల్లోనే, మామూలు పీరియడ్లలోనే తేవచ్చు. మీ శక్తిలో ఎక్కువ భాగం అక్కడ పెట్టండి.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. 1954 వేసవిలో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ముజాఫర్ షెరీఫ్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త పదకొండేళ్ల వయసు అబ్బాయిలు 22 మందిని ఒక శిబిరానికి తీసుకెళ్లి రెండు జట్లుగా విడగొట్టాడు. వాళ్లందరూ ఇంచుమించు ఒకేలాంటి కుటుంబాల పిల్లలు. వాళ్ల మధ్య పాత పగలు లేవు. అయినా రెండు జట్ల మధ్య పోటీలు పెట్టి గెలిచినవాళ్లకే బహుమతులనేసరికి తిట్లు మొదలయ్యాయి. ఒకరి జెండా ఒకరు తగలబెట్టారు, ఒకరి గదుల మీద ఒకరు దాడి చేశారు. ఆ తర్వాత నిర్వాహకులు రెండు జట్లనూ ఒకే చోట భోజనానికి కూర్చోబెట్టారు, కలిపి సినిమా చూపించారు. అప్పుడు కూడా వాళ్లు తిండి విసురుకుని కొట్టుకున్నారు తప్ప కలవలేదు.

ఆ పిల్లల్ని మార్చింది వేరు. శిబిరానికి నీళ్లు ఆగిపోయాయి, కారణం వెతకడానికి అందరూ కావాల్సివచ్చింది. తిండి తేవాల్సిన లారీ కదలనని మొరాయించింది, రెండు జట్లూ తాడు పట్టుకుని లాగితే కదిలింది. ఇవన్నీ నిర్వాహకులు కావాలని సృష్టించిన ఇబ్బందులే. ఒక్కదానితో ఏమీ మారలేదు. అలాంటి పనులు వరసగా పడ్డాక తిట్లు తగ్గాయి, చివరికి తిరుగు ప్రయాణంలో కలిసి కూర్చున్నారు. ఈ ప్రయోగం మీద తర్వాత గట్టి విమర్శలొచ్చాయి. పిల్లలకు చెప్పకుండా వాళ్లను ఒకరి మీదికి ఒకరిని ఎగదోయడం ఈరోజు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కానీ ఒకచోట కూర్చోబెట్టడానికీ ఒకే తాడు పట్టించడానికీ ఎంత తేడా ఉందో అందులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మీ భోజనం గంట, మీ ఆటస్థలం మొదటి రకంలోకి వస్తాయి.

అదే ఏడాది గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే హార్వర్డ్ పండితుడు, వేర్వేరు వర్గాలవాళ్లు కలిస్తే దురభిప్రాయాలు ఎప్పుడు తగ్గుతాయో చెబుతూ నాలుగు షరతులు పెట్టాడు. కలిసినచోట ఇద్దరికీ సమాన స్థానం ఉండాలి. ఇద్దరికీ కావాల్సిన లక్ష్యం ఒకటుండాలి. దానికోసం పోటీ పడకుండా సహకరించుకోవాలి. ఆ కలయికకు పెద్దల, సంస్థల మద్దతు ఉండాలి. 2006లో థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 515 అధ్యయనాలను కలిపి చూశారు. మామూలు కలయిక వల్ల కూడా దురభిప్రాయాలు కొంత తగ్గుతాయనీ, ఆల్‌పోర్ట్ చెప్పిన షరతులు ఉన్నచోట ఇంకా ఎక్కువ తగ్గుతాయనీ తేలింది. అంటే మీ పిల్లలు ఒకే గదిలో ఉండటమే మీకు కొంత బలం. మిగతాది మీరు ఆ గదిని నడిపే తీరులో ఉంది.

ఒకే గది అన్నది చిన్న విషయం కాదు. 2001లో ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హామ్, బర్న్‌లీ, బ్రాడ్‌ఫర్డ్ పట్టణాల్లో అల్లర్లు జరిగాయి. వాటిని పరిశీలించిన కమిటీకి కనిపించింది ఏమిటంటే, అక్కడి వర్గాలు ఒకే ఊళ్లో ఉంటూనే ఒకరి దారి ఒకరికి తగలకుండా సమాంతరంగా బతుకుతున్నాయని. ఇళ్లు వేరు, బడులు వేరు, పని వేరు, పొద్దుపోక కూర్చునే చోటూ వేరు. ఆ తర్వాత 2007 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ నిధులతో నడిచే బడుల మీద సామాజిక ఐక్యతను పెంచే బాధ్యతను అక్కడ చట్టంగా పెట్టారు. అక్కడ చాలా బడులకు లేనిది మీకుంది. రెండు వైపుల పిల్లలూ మీ ఎదురుగానే ఉన్నారు.

ఇక పని గురించి. మీకు ఒక పద్ధతి వివరంగా చెబుతాను. మిగతావన్నీ కుదిరినప్పుడు చేసినా ఇది మాత్రం వచ్చే వారమే మొదలుపెట్టమని నా మనవి.

1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో, అంతకుముందు విడివిడి బడుల్లో చదివిన తెల్ల, నల్లజాతి, మెక్సికన్ మూలాల పిల్లలు మొదటిసారి ఒకే తరగతుల్లోకి వచ్చారు. రోజూ కొట్లాటలే. ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తను సాయం అడిగారు. ఆయన, ఆయన విద్యార్థులు తరగతుల్లో కూర్చుని గమనించారు. టీచర్ ప్రశ్న అడగ్గానే కొందరు చేతులు ఎగరేస్తారు, ఒకరికి అవకాశం వస్తే మిగతావాళ్లు మూతి ముడుచుకుంటారు. పక్కవాడు తప్పు చెబితేనే తనకు అవకాశం. ఇలాంటి గదిలో పక్కవాడి మీద ప్రేమ ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకని వాళ్లు పాఠాన్నే ముక్కలు చేశారు. ఐదారుగురు పిల్లల జట్టులో ఒక్కొక్కరికీ పాఠంలో ఒక్కో భాగమే ఇచ్చారు. మిగతా భాగాలు తెలియాలంటే జట్టులో మిగతావాళ్లు చెప్పాలి, తను వినాలి. వేరే దారి లేదు. ఆ తరగతుల్లో పిల్లలకు ఒకరంటే ఒకరికి ఇష్టం పెరిగింది, బడి అంటే ఇష్టం పెరిగింది, వెనకబడ్డ వర్గాల పిల్లల మార్కులు కూడా మెరుగుపడ్డాయి.

మీ తరగతిలో ఇది ఇలా చేయొచ్చు. నీటి గురించిన పాఠం ఉందనుకోండి. ఐదు భాగాలు చేయండి: వాన ఎలా పడుతుంది, నీళ్లు ఎక్కడెక్కడ నిలుస్తాయి, తాగేనీటిని ఎలా శుభ్రం చేస్తారు, మురికినీటి వల్ల ఏ జబ్బులొస్తాయి, వృథా ఎలా ఆపాలి. రెండు వైపుల పిల్లలూ ఉండేలా ఐదుగురేసి జట్లు వేయండి. ఒక్కొక్కరికీ ఒక్కో భాగం రాసిన కాగితం ఇవ్వండి. ముందుగా అన్ని జట్లలోనూ ఒకే భాగం అందుకున్న పిల్లలు ఒకచోట చేరాలి. వానపిల్లలంతా ఒక మూల, జబ్బులపిల్లలంతా ఒక మూల. అక్కడ చదువుకుని, అర్థంకానిది అడిగి తెలుసుకుని, తమ జట్టుకు ఎలా చెప్పాలో సాధన చేస్తారు. ఈ మెట్టు దాటేయకండి. చదవడంలో తడబడే పిల్లవాడికి ధైర్యం వచ్చేది ఇక్కడే. తర్వాత సొంత జట్టుకు వెళ్లి ఒక్కొక్కరూ తమ భాగం చెబుతారు. చివర్లో మొత్తం పాఠం మీద చిన్న పరీక్ష, ఎవరిది వాళ్లే రాయాలి.

ఆ పరీక్షకు జట్టు మార్కులు మాత్రం పెట్టకండి. ఇది చాలా ముఖ్యం. జట్టంతటికీ కలిపి మార్కులిస్తే, సరిగ్గా చెప్పలేకపోయిన పిల్లవాడి మీద మిగతా నలుగురూ విరుచుకుపడతారు. వాడు అవతలి వైపు పిల్లవాడైతే, వాళ్ల మనసులో ఉన్న అభిప్రాయానికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. అలాగే జట్లకు జట్లకు మధ్య పోటీ పెట్టి బహుమతులు ఇవ్వొద్దు. షెరీఫ్ శిబిరంలో గొడవ మొదలైంది అక్కడే.

మొదటి రోజుల్లో ఇది సాఫీగా సాగదు. ఒక పిల్ల తనే అందరి భాగాలూ లాక్కుని చెప్పేస్తుంది. ఇంకోడు నోరు మెదపడు. ఎవరో ఒకరు నత్తిగానో, మీ బడి భాషలో తడబడుతూనో చెబుతుంటే మిగతావాళ్లు నవ్వుతారు. ఆస్టిన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఇంగ్లిషు అంతగా రాని ఒక పిల్లవాడిని జట్టులోవాళ్లు వెక్కిరించారు. పక్కనున్న సహాయకులు ఉపన్యాసం ఇవ్వలేదు. నవ్వితే నవ్వుకోండి, కానీ పరీక్షలో ఈ భాగం మీద ప్రశ్న వస్తుంది, దాని గురించి ఇక్కడ తెలిసింది ఇతనికే అని గుర్తుచేశారు. కొన్ని రోజులకు పిల్లలు వెక్కిరింత మాని ప్రశ్నలు అడగడం నేర్చుకున్నారు. సరైన ప్రశ్న అడిగితే అతనికి చాలా తెలుసని వాళ్లకు అర్థమైంది. అప్పుడు అతను కూడా నిదానంగా, ధైర్యంగా చెప్పడం మొదలుపెట్టాడు. నాకు ఈ ఉదంతం చాలా ఇష్టం. అక్కడ పిల్లలకు ఎవరూ జాలి నేర్పలేదు. వినడం ఎందుకు అవసరమో వాళ్లకే తెలిసింది.

మీరు కూడా జట్ల మధ్య తిరుగుతూ అలాగే చేయండి. లాక్కునే పిల్లకు "వాడి భాగం వాడే చెప్పాలి, నీకు అర్థమయ్యేదాకా ప్రశ్నలడుగు" అనండి. వారానికి రెండు పీరియడ్లు చాలు. అన్ని పాఠాలకూ ఇది పనికిరాదు. ఒకదాని మీద ఒకటి ఆధారపడే లెక్కలకు అస్సలు కుదరదు. లెక్కలకు ఇద్దరేసి జతలు వేసి, ఒకరు చేస్తుంటే ఒకరు సరిచూసేలా పెట్టండి.

మరీ చిన్న తరగతుల టీచర్లు ఇది చదువుతుంటే, వాళ్లకు ఇంకా తేలికైన దారి ఉంది. నలుగురికి ఒక పెద్ద కాగితం, తలా ఒక రంగు పెన్సిల్. బొమ్మలో అన్ని రంగులూ ఉండాలి, ఎవరి పెన్సిల్ వాళ్లే పట్టుకోవాలి. అంతే.

సీట్ల సంగతికొస్తే, నెలకోసారి మార్చండి, మారుస్తామని ముందే చెప్పండి. చీటీలు తీసి, తర్వాత మీరు చూసుకుని ఒకటి రెండు చోట్ల సర్దండి. మరీ లెక్కపెట్టినట్టు ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు అని వేస్తే పిల్లలు ఇట్టే పసిగడతారు. ఒక వైపు పిల్లలు తక్కువమంది ఉంటే, వాళ్లలో ఒక్కరిని తీసుకెళ్లి జట్టులో ఒంటరిగా పడేయకండి. తనలాంటివాళ్లు ఇంకొకరు పక్కనుంటే ఆ పిల్లకు నోరు పెగులుతుంది.

ఇలా ఒకే జట్టులో వేయడం వల్ల ఏమవుతుందో ఢిల్లీలో జరిగిన ఒక అధ్యయనంలో ఉంది. అక్కడి ప్రైవేటు బడుల్లో చాలావాటికి, కొంత శాతం సీట్లు పేదపిల్లలకు ఇవ్వాలన్న నిబంధన 2007లో వచ్చింది. గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త ఆ బడుల్లోని ధనిక కుటుంబాల పిల్లలను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. పేద సహాధ్యాయులు ఉన్న పిల్లలు ఇతరులకు ఇచ్చే విషయంలో మరింత ఉదారంగా ఉన్నారు, పేదపిల్లల పట్ల వివక్ష తక్కువ చూపారు. ఆయన రిలే పరుగు పందెం పెట్టి, జట్టులోకి ఎవరిని ఎంచుకుంటారో కూడా చూశారు. బాగా పరిగెత్తే పేదపిల్లవాడిని వదులుకుని నెమ్మదిగా పరిగెత్తే ధనికుల పిల్లవాడిని ఎంచుకోవడం, పేద సహాధ్యాయులున్న పిల్లల్లో తక్కువ. మీకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. కొన్ని బడుల్లో చదువు జట్లను పేర్ల అక్షరక్రమంలో వేసేవారు. అలా ఒకే జట్టులో పడి రోజూ కలిసి పనిచేసిన పిల్లల్లో మార్పు ఎక్కువ కనిపించింది. మార్కుల విషయం కూడా దాచను. ధనిక పిల్లల ఇంగ్లిషు మార్కులు కొంచెం తగ్గిన సూచన ఉంది. లెక్కలు, హిందీలో తేడా లేదు, అన్ని సబ్జెక్టులూ కలిపి చూస్తే నష్టం కనబడలేదు. తల్లిదండ్రులు అడిగితే ఇదంతా ఉన్నదున్నట్టే చెప్పండి.

ఇప్పుడు మీ భయం దగ్గరికి వద్దాం. తేడాల గురించి మాట్లాడితే లేనిపోనివి నేర్పినట్టా? పిల్లలకు మీరు నేర్పక్కర్లేదు, ఇప్పటికే తెలుసు. మూడు నుంచి ఐదేళ్లలోపే పిల్లలు మనుషులను గుంపులుగా చూడటం మొదలుపెడతారు. "మీ వాళ్లంతా" అన్న మాట ఆ బాబు నోటి నుంచి వచ్చిందంటేనే గుంపుల లెక్క వాడి బుర్రలో ఉన్నట్టు. మీరు ఏమీ మాట్లాడకపోతే ఆ లెక్కను ఇంటి దగ్గర విన్న మాటలతో, పెద్దల ముఖకవళికలతో తనంతట తనే పూర్తిచేసుకుంటాడు.

అయితే తేడాల గురించి మాట్లాడటం ఒకటి, తేడాలతో పిల్లలను పిలవడం ఇంకొకటి. అమెరికాలోనే రెబెకా బిగ్లర్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు వేసవి బడికి వచ్చిన పిల్లలకు కొన్ని వారాలపాటు రెండు రంగుల చొక్కాలు తొడిగించారు, సగంమందికి నీలం, సగంమందికి పసుపు. కొన్ని తరగతుల్లో టీచర్లు ఆ రంగుల పేర్లతోనే పిలిచారు, రంగుల ప్రకారం వరసలు కట్టించారు, సీట్లు వేశారు. అక్కడి పిల్లలు తమ రంగువాళ్లే మంచివాళ్లని అనుకోవడం మొదలుపెట్టారు. ఇంకొన్ని తరగతుల్లో చొక్కాలు అవే, కానీ టీచర్లు రంగులను పట్టించుకోలేదు. అక్కడ అలాంటిదేమీ పెద్దగా పెరగలేదు. నీలం మంచిదని గానీ పసుపు చెడ్డదని గానీ ఏ టీచరూ అనలేదని గుర్తుంచుకోండి. ఊరికే ఆ పేర్లతో పిలిచారు, అంతే. అందుకని ఒక వారంపాటు మీ నోటిని మీరే గమనించుకోండి. "ఆ వైపు పిల్లలు లేవండి", "వాళ్ల బ్యాచ్ ఎప్పుడూ లేటే", "మీ ఇళ్లలో ఇలాగే మాట్లాడతారా" లాంటివి మనకు తెలియకుండానే దొర్లుతుంటాయి. పిలిస్తే పేరుతో పిలవండి. వరస కట్టించాలంటే పుట్టిన నెల ప్రకారమో, పేరులో మొదటి అక్షరం ప్రకారమో కట్టించండి.

తేడాలను పాఠంలోకి తేవాలంటే, అవి ఒక గౌరవంగా రావాలి. మీ పిల్లల ఇంటి భాషలు వేరన్నారు. రోజుకో మాట తీసుకుని రెండు భాషల్లోనూ గోడమీద రాయించండి. పలకడం ఆ భాష పిల్లలే మిగతావాళ్లకు నేర్పాలి, మీకు కూడా. బడి భాషలో వెనకబడ్డ పిల్ల ఆ ఐదు నిమిషాలు టీచర్ అవుతుంది. ఆల్‌పోర్ట్ చెప్పిన సమాన స్థానం చిన్నపిల్లల గదిలో ఇలాంటి వాటితోనే వస్తుంది. "ఇంటి భాష ఇక్కడ మాట్లాడొద్దు" అనే నియమం మీ బడిలో ఉంటే, దాన్ని తీసేయమని హెడ్మాస్టర్ గారిని అడగండి. ఒక పిల్ల అమ్మతో మాట్లాడే మాటను బడిలో తప్పుగా చూస్తే, ఆ పిల్లను తోటిపిల్లలు సమానంగా చూడరు.

ఆ గొడవ సంగతి మీరు నెల కిందటిదని వదిలేసినట్టున్నారు. వదలకండి. రెండు రోజులు బడి మానేసిన పిల్లవాడు ఆ మాటను మరచిపోడు. వాడితో ఒంటరిగా మాట్లాడండి. "ఆ రోజు నిన్నన్న మాట తప్పు. ఆ మాట నీ గురించి నిజం కాదు, మీ ఇంట్లోవాళ్ల గురించీ నిజం కాదు. ఈ గదిలో అలాంటి మాట మళ్లీ రాకుండా చూడటం నా పని" అని చెప్పండి. వాడు ఏమంటాడో వినండి. ఏమీ అనకపోయినా ఫర్వాలేదు. వాళ్ల అమ్మానాన్నలకు కూడా మీరే ఫోన్ చేసి చెప్పాలి. వాళ్లు బడి దాకా వచ్చి అడిగేవరకు ఆగొద్దు.

తర్వాత ఆ మాట అన్న పిల్లవాడితో, వాడితో కూడా ఒంటరిగానే. అందరిముందూ నిలబెట్టి తిడితే వాడు సిగ్గుపడి, ఆ కోపాన్ని మళ్లీ అవతలి పిల్లవాడి మీదే తీర్చుకుంటాడు. "నువ్వు చెడ్డవాడివి" అనొద్దు. ఆ మాట ఏం చేసిందో చెప్పండి: "ఆటలో వాడు నిన్ను తోశాడు, నీకు కోపం వచ్చింది. తోశాడని నాకు చెప్పొచ్చు. కానీ నువ్వు వాడి ఇంటివాళ్లందరినీ తిట్టావు. వాళ్లు నిన్ను తోయలేదు కదా?" తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఇది బాగానే అర్థమవుతుంది. ఈ మాట ఎక్కడ విన్నావని మాత్రం నిలదీయకండి. వాడు ఇంట్లోనే విని ఉంటే అమ్మానాన్నల మీద చాడీ చెప్పాల్సివస్తుంది. బలవంతంగా క్షమాపణ చెప్పించడం మీద కూడా నాకు నమ్మకం లేదు. సరిదిద్దుకోవడానికి ఏం చేస్తావని అడిగి, వాడికి తోచింది చేయనివ్వండి.

మళ్లీ ఎప్పుడైనా మీ ఎదురుగానే అలాంటి మాట వస్తే, అక్కడికక్కడే ఆపాలి. రెండు వాక్యాలు చాలు. "ఆ మాట ఇక్కడ వద్దు. ఒకరు చేసినదానికి వాళ్లవాళ్లందరినీ అనకూడదు." అంతే చెప్పి ఆట కొనసాగనివ్వండి. చుట్టూ ఉన్న ఇరవైమందీ మీరు ఏమంటారా అని చూస్తుంటారు. మీరు విననట్టు ఊరుకుంటే, ఆ మాట అనొచ్చని వాళ్లకు అర్థమవుతుంది. అప్పుడే "మనమంతా ఒక్కటే" అని పెద్ద ప్రసంగం మొదలుపెడితే, దెబ్బ తగిలిన పిల్లవాడు ఆ ప్రసంగం నడిమధ్య దోషిలా నిలబడాల్సి వస్తుంది.

సీటు మార్చమన్న తల్లుల మాట. వాళ్లను చెడ్డవాళ్లుగా చూడకండి, వాదనకు దిగకండి. ముందు కారణం అడగండి. పక్కపిల్ల గిల్లుతోందనో, బోర్డు కనబడటం లేదనో చెబితే అది అందరికీ వర్తించే సమస్య, పరిష్కరించండి. కారణం అవతలి పిల్ల ఎవరన్నదే అయితే, మర్యాదగా, మార్పులేకుండా ఒకటే మాట: "అమ్మా, మా తరగతిలో సీట్లు నెలకోసారి అందరికీ మారతాయి. ఫలానావాళ్ల పక్కన వద్దు అంటే మేం మార్చం. మీ పాప చదువులో గానీ భద్రతలో గానీ ఏ ఇబ్బందొచ్చినా నాకు వెంటనే చెప్పండి, చూసుకుంటాను." ఒక్కరికి సడలిస్తే వారంలో పదిమంది వస్తారు. ఆ విషయం పిల్లలకూ తెలిసిపోతుంది.

ఈ మాట మీరు ఒక్కరే అంటే నిలబడదు. అందుకే హెడ్మాస్టర్ గారితో ముందే కూర్చుని మాట్లాడాలి. సీట్ల నియమం, అవమానించే మాటల విషయంలో నియమం, ఈ రెండూ మీ తరగతివి కాకుండా బడివై ఉండాలి. కొత్తగా చేరేవాళ్లకు మొదటిరోజే చెప్పాలి. టీచర్ల గదిలో టీచర్లు ఎలా కూర్చుంటున్నారో, పిల్లల గురించి ఏ మాటలతో మాట్లాడుకుంటున్నారో కూడా ఆయన దృష్టిలో ఉండాలి. పిల్లలు ఇవన్నీ చూస్తారు.

ఐక్యతా దినం వద్దని ఆయనతో గొడవపడకండి. ఆ రోజును పనిరోజుగా మార్చమని అడగండి. వేదిక కట్టి ఒకరు ఆడుతుంటే మిగతావాళ్లు చూడటానికి బదులు, బడికి నిజంగా కావాల్సిన పని ఒకటి పెట్టండి. పుస్తకాల గది సర్దడం, చిరిగిన పుస్తకాలకు అట్టలు వేయడం, ఆటస్థలంలో గీతలు గీసి రంగులు వేయడం, మొక్కలు నాటడం. రెండు వైపుల తల్లిదండ్రులనూ పిలవండి, ప్రసంగం వినడానికి కాదు, పనికి. గుంపుగా వచ్చినవాళ్లను గుంపుగానే ఉండనివ్వకుండా, తరగతుల వారీగా జట్లు వేయండి. వేషాలు వేయించి "ఇది వీళ్ల సంస్కృతి" అని చూపించడం కంటే ఇది ఎంతో మేలని నా గట్టి నమ్మకం. వేషంలో నిలబడ్డ పిల్ల తన వర్గానికంతా బొమ్మలా నిలబడుతుంది. ఇంట్లో ఆ పిల్ల అలా ఉండకపోవచ్చు కూడా.

మార్పు వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక పాత పద్ధతి ఉంది, జేకబ్ మొరెనో 1930లలో ప్రచారంలోకి తెచ్చాడు. ప్రతి పిల్లనూ ఒక చీటీ మీద, తను ఎవరితో కలిసి పని చేయాలనుకుంటుందో ముగ్గురి పేర్లు రాయమనండి. ఎవరికీ చూపించకూడదు. మీరు ఇంటి దగ్గర ఒక కాగితం మీద పేర్లు వేసి బాణాలు గీయండి. ఎవరెవరిని ఎంచుకున్నారో, రెండు వైపులనూ కలిపే బాణాలు ఎన్ని ఉన్నాయో, ఎవరూ రాయని పేర్లు ఏవో బయటపడతాయి. ఎవరితో చేయడం ఇష్టం లేదని మాత్రం ఎప్పుడూ అడగొద్దు, ఆ ప్రశ్నే ఒక విషం. ఇప్పుడొకసారి, ఏడాది చివర్లో ఒకసారి చేసి పోల్చుకోండి. నాకైతే అన్నింటికంటే ముందు ఎవరూ రాయని పేర్లు కావాలి. ఆ పిల్లలను మొదటి జట్లలో నెమ్మదస్తులైన, కలుపుగోలు పిల్లల పక్కన వేయండి.

భోజనం దగ్గర పిల్లలు విడిగా కూర్చోవడం గురించి ఎక్కువ బెంగపెట్టుకోకండి. ఇంటి భాషలో మాట్లాడుకోగల స్నేహితుల పక్కన తినడం పిల్లలకు విశ్రాంతి. దాన్ని నిషేధిస్తే, ఉన్న కాస్త ఇష్టం కూడా పోతుంది. మీరు చూడాల్సింది, ఒక పిల్ల లేచి అవతలి గుంపులో కూర్చోబోతే చోటిస్తున్నారా లేదా అని. ఆటలో జట్లు వేసుకునేటప్పుడు అటువైపు పేర్లు పిలుస్తున్నారా లేదా అని. మొదటి రెండు మూడు నెలలు పెద్ద తేడా కనిపించకపోవచ్చు. ఆ దశలోనే చాలామంది జట్టుపని మానేసి మళ్లీ పాత పద్ధతికి పోతారు. మీరు మాత్రం ఆ రెండు పీరియడ్లూ ఏడాదంతా వదలకండి. మీ పక్క సెక్షన్ టీచర్ ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి పాఠాలను ముక్కలు చేసి కాగితాలు తయారుచేసుకోండి. ఎక్కువ సమయం పట్టేది ఆ పనికే.